కొమ్మలు పరిచిన మెట్లు

మా మెట్లు నవంబరు నెలాఖరుకే మెట్లుగా ఉండటం మానేశాయి. చూరు కింద నీళ్ళు పట్టాల్సిన రేకు కాలువ గాలికి ఊడి పెరట్లో పడింది. దాన్ని తిరిగి బిగించే నాథుడు లేడు. నేను పొయ్యి రాజేస్తే కప్పు మీది మంచు కరుగుతుంది. కరిగిన నీళ్ళు మెట్ల మీద పడి, పడ్డవి పడ్డట్టే గడ్డకడతాయి. పొయ్యి రాజెయ్యకపోతే నేను గడ్డకడతాను. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటే ఇదే. నా టీ, నా చేపల పులుసు, నా వెచ్చదనం అన్నీ కలిసి నా గుమ్మం ముందే ఒక గుట్టను లేపాయి.

మాది నది ఒడ్డున పాత చెక్క ఇల్లు. కింద గూరియ్ కాపురం, వాళ్ళ గుమ్మం వీధి వైపు. పైన నేను. నా మెట్లు ఉత్తరం వైపు గోడకి ఆనించి బయటినుంచి ఎక్కుతాయి. అటు వైపు ఎండ ఏప్రిల్ దాకా తొంగి చూడదు. మొదటి గడ్డకే కాలు జారి మోకాలు విరగ్గొట్టుకున్నాను. ఎముక అతుక్కుంది గానీ ధైర్యం అతుక్కోలేదు. ఆ తర్వాత నా లోకమంతా ఒక గది, ఒక పొయ్యి, ఒక కిటికీ.

ఊరికే కూర్చున్నానా? లేదు. వంటింట్లో ఉన్న ఉప్పంతా తలుపు సందులోంచి చల్లాను. పైపైన కరిగి, తెల్లారేసరికి అద్దంలా బిగుసుకుంది. మరుగుతున్న నీళ్ళు పోశాను. అప్పటిదాకా ఉన్న గరుకు కూడా పోయింది. ఇళ్ళు చూసుకునే ఆఫీసుకి ఫోన్ చేస్తే, "ఆ ఇల్లు ఎలాగూ కూల్చేస్తాం కదమ్మా, కూల్చే ఇంటి మెట్లకి గునపం దండగ" అన్నారు. కిటికీకి పైన గాలి కోసం ఉండే చిన్న రెక్క తెరిచి గూరియ్‌ని పిలిచాను. నడుం పట్టేసిందన్నాడు. శవపేటికలు చేసే వడ్రంగి యెవ్‌సేయ్ వీధిలో పోతుంటే పిలిచాను. టోపీ చెవుల మీదికి లాక్కుని, వినపడనట్టు పోయాడు.

నా నోరు మంచిది కాదని ఊరంతా అంటుంది. ముప్పై ఏళ్ళు నది మీద సరుకు పడవల్ని లాగే పడవలో వంట చేశాను. పాతిక మంది మగాళ్ళ మధ్య నోరు మంచిదైతే గరిటె కూడా మిగిలేది కాదు. అందరికీ ఏదో ఒకటి అని ఉంటాను, కాదనను. అందులో ఎక్కువ తిన్నది ఎదురింటి కపితలీనా, ముద్దుపేరు కాపా. ఆరేళ్ళ కిందట ఆమె మొగుడు పోయిన నలభయ్యో రోజు భోజనాలు పెట్టింది. పోయినవాళ్ళ గురించి మంచైనా చెప్పాలి, లేదా నోరు మూసుకోవాలి. అది మా పద్ధతి. ఒక్కొక్కరూ గ్లాసెత్తి ఆయన బంగారమన్నారు. నా వంతు వచ్చింది. "బంగారమే, కాపా దవడ మీద పడ్డప్పుడల్లా ఖణేల్మని మోగేది" అన్నాను. బల్ల చుట్టూ చెంచాలు ఆగిపోయాయి. ఆ రోజు నుంచి మా ఇద్దరికీ మాటల్లేవు. ఎదురెదురు కిటికీలు, మధ్యలో వీధి, అంతే.

డిసెంబరులో డాక్టరమ్మ నన్ను చూడటానికి వచ్చింది. వచ్చిందంటే మెట్ల కింద దాకా వచ్చింది. ఆ గడ్డను చూసి, ఒక కాలు పెట్టి, తీసేసి, అక్కడినుంచే రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని అరిచింది.

"మీరు ఒంటరిగా నెగ్గుకురాలేరమ్మా! వృద్ధాశ్రమంలో చోటు అడిగాం!"

"నేనెక్కడికీ రాను!" అని కిటికీ రెక్కలోంచి నేనూ అరిచాను.

"అయితే కొత్త సంవత్సరం పండగలు అయ్యాక రెండో గురువారం ఆసుపత్రి మూసేలోగా మీ కాళ్ళ మీద మీరు నా దగ్గరికి రండి! వస్తే మీ ఇంట్లోనే ఉండండి! రాకపోతే శుక్రవారం వ్యాను వస్తుంది, నిచ్చెన వేసి దింపించేస్తాను!"

తను ఎక్కలేని మెట్లు నేను దిగలేనని తీర్పు చెప్పి వెళ్ళిపోయింది. ఆ ఆశ్రమం నాకు తెలుసు. పడవలో నాతో పనిచేసిన ఒకామెను అక్కడ చూశాను. గోడ వైపు తిరిగి పడుకుని ఉంది, నేను పిలిస్తే కూడా ఇటు తిరగలేదు. అప్పటినుంచీ ఆ పేరు వింటే నాకు భయం. ఈ గదిలో నేను ఖైదీనే. కానీ ఇక్కడ తిట్టడానికి కిటికీ ఉంది.

నా దగ్గర అద్దెకుండే జులైఖో తజికిస్తాన్ నుంచి వచ్చిన పిల్ల. పిల్లంటే నలభై దాటింది, నాకు పిల్లే. రొట్టెల బట్టీలో పని. పిల్లిలా తేలిక మనిషి. పైన కమ్మీకి బట్టల తాడు కట్టి, దాన్ని పట్టుకుని కూర్చునే జారుకుంటూ దిగుతుంది, పాక్కుంటూ ఎక్కుతుంది. నాకు ఆ విద్య చేతకాదు, ఒళ్ళు కూడా ఒప్పుకోదు. ఒకరోజు మాంసం కొట్టే చిన్న గొడ్డలితో గడ్డను కొట్టబోయింది. గొడ్డలి కర్ర విరిగింది, గడ్డకి గీత కూడా పడలేదు.

ఆ గురువారం తెల్లవారకముందే లేచి చూస్తే జులైఖో లేదు. బయట ఏదో గరగర చప్పుడు. కాసేపటికి చలికి ఎర్రబడ్డ మొహంతో తలుపు తోసుకుని వచ్చింది.

"పెద్దమ్మా, ఇంక దిగెయ్యొచ్చు మీరు. చెత్తకుప్ప దగ్గర అందరూ పారేసిన కొత్త సంవత్సరం చెట్లున్నాయి కదా, ఆ కొమ్మలన్నీ విరిచి మెట్ల మీద పరిచేశాను. కాలు జారదు. మా ఊళ్ళో బురదలో ఇలాగే ముళ్ళకంప వేస్తాం."

మా దగ్గర గుమ్మం ముందు ఆ ఫర్ చెట్ల కొమ్మలు పరిచారంటే ఒకటే అర్థం. ఆ ఇంట్లో శవం ఉంది. శవాన్ని మోసుకెళ్ళే దారిలో కొమ్మలు వేస్తాం. బతికున్నవాడెవడూ వాటిని తొక్కడు. పిల్లలు కూడా చుట్టూ తిరిగి పోతారు. పాపం జులైఖోకి ఏం తెలుసు? ఎండల దేశం నుంచి వచ్చింది. "చల్లగా ఉండమ్మా" అని పంపేశాను. షిఫ్టుకి టైమైందని తాడు పట్టుకుని జర్రుమని జారిపోయింది.

తర్వాత కోటు వేసుకుని, ఉన్ని బూట్లు తొడుక్కుని, తలుపు తీసి ఒక కాలు కొమ్మ మీద పెట్టాను. కొమ్మ నా కాలితో సహా కిందికి జారింది. కమ్మీ పట్టుకుని వేలాడి, ఎలాగో వెనక్కి పాకి లోపల పడ్డాను. ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా. సాయంత్రం ఆసుపత్రి మూసేస్తారు, రేపు వ్యాను.

తెల్లగా వెలుగొచ్చేసరికి ఎదురింటి తలుపు చప్పుడైంది. తెర సందులోంచి చూశాను. కపితలీనా చెత్త డబ్బాతో బయటికొచ్చి నా మెట్ల వైపు చూసి నిలబడిపోయింది. డబ్బా కింద పెట్టింది. శిలువ గుర్తు వేసుకుంది. డబ్బా అక్కడే వదిలేసి, కొట్టు వైపు గబగబా నడిచింది. కొట్టులో చెప్పడమంటే ఊరంతా చెప్పినట్టే.

రెక్క తెరిచి "చావలేదే!" అని అరవొచ్చు. అరవనా వద్దా అని గంటసేపు రెక్క దగ్గరే కూర్చుని, చివరికి అరవబోయాను కూడా. అంతలో వీధి మలుపులో యెవ్‌సేయ్ కనిపించాడు, భుజం మీద గునపం. వెనకే గూరియ్, చేతిలో పార. వాళ్ళ వెనక కపితలీనా, పోయిన మొగుడు నది మీద చేపల కోసం మంచుకి బెజ్జం కొట్టడానికి వాడిన పొడవాటి ఇనప గునపంతో. ఎందుకొస్తున్నారో అర్థమైంది. శవపేటిక దిగాలంటే మెట్లు కావాలి. నేను నోరు మూసుకున్నాను. జీవితంలో మొదటిసారేమో.

"ఎంత మందం ఉందిరా బాబూ ఇది! ఏనుగు పడుకున్నట్టుంది" అన్నాడు గూరియ్.

"రేపు దింపాలంటే ఈరోజే కొట్టాలి. కిందినుంచి మొదలెడదాం పట్టు" అన్నాడు యెవ్‌సేయ్.

"ఈ కొమ్మలకి తళుకు కాగితాలేమిటి?"

"ఆ అద్దెకున్నామె పరిచుంటుంది. దానికేం తెలుసు పాపం. పక్కన పెట్టు, పనయ్యాక మళ్ళీ వేద్దాం."

గునపం దెబ్బ పడింది. ఇల్లంతా అదిరింది. నాకైతే పెళ్ళి బాజాలా వినిపించింది. గడ్డ పెళ్ళలు పెళ్ళలుగా లేచి కిందికి దొర్లుతున్న చప్పుడు. గూరియ్ పార ఎత్తి దించుతుంటే ఆ నడుం ఎక్కడా పట్టేసినట్టు లేదు.

నేను పెట్టె మీద కూర్చుని కదలకుండా ఉన్నాను. మా నేల చెక్కలు అడుగేస్తే చాలు కిర్రుమంటాయి. వాళ్ళు ఒక్కో మెట్టూ కొట్టుకుంటూ పైకి వస్తున్నారు. కొట్టాలి, త్వరగా కొట్టాలి. కానీ పైదాకా వస్తే తలుపు తీస్తారు. తీస్తే నేను కోటు వేసుకుని కూర్చుని ఉంటాను. అప్పుడేమనాలో నాకు తోచలేదు.

"గొట్టంలోంచి పొగ వస్తోందేంటి?" అన్నాడు గూరియ్.

"శవమున్న గదిలో పొయ్యి రాజేసి పోయిందా ఆ అద్దె మనిషి! ఈ వేడికి రేపటిదాకా ఆగుతుందా?" యెవ్‌సేయ్ గొణిగాడు.

ఇక కట్టె వెయ్యడానికి లేదు. పొయ్యి మెల్లగా చల్లారింది. కోటు మీద దుప్పటి కప్పుకుని, పళ్ళు కొట్టుకోకుండా దాని అంచు కొరికి పట్టుకున్నాను.

"కొలత తీసుకోలేదుగా, పేటిక ఎలా చేస్తావు?"

"కొలతెందుకు? కొట్టు దగ్గర ఎన్నేళ్ళు చూడలేదు! పొడవు తక్కువ, వెడల్పు ఎక్కువ. మామూలు దానికి ఓ చెక్క అదనంగా కోశాను."

నోటిదాకా వచ్చింది. మింగాను.

"మంచి మనిషి" అన్నాడు గూరియ్. "చేపల పులుసు చేస్తే వాసన మా ఇంట్లోకి వచ్చేది. చేయి తిరిగిన వంట."

ఆ వాసన గురించే మూడుసార్లు ఆఫీసుకి ఫిర్యాదు చేశాడు వీడు. బతికుండగా ఒక్క పార మంచు ఎత్తనివాడు ఇప్పుడు నా పులుసుకి నివాళి చెబుతున్నాడు. చావడంలో ఇన్ని లాభాలున్నాయని తెలిస్తే నవంబరులోనే చచ్చేదాన్ని.

మధ్యాహ్నమయ్యాక మగాళ్ళిద్దరూ సిగరెట్లకీ వేడి టీకీ గూరియ్ ఇంట్లోకి వెళ్ళారు. చప్పుడు ఆగింది. కపితలీనా మాత్రం వెళ్ళలేదు. మెట్టు మీద కూర్చున్నట్టుంది. గోడకి అటు ఆమె, ఇటు నేను. ఆయాసపడుతున్న ఊపిరి కూడా వినిపిస్తోంది.

"ఏమే నోన్నా" అంది.

పేరు పెట్టి పిలిచేసరికి దాదాపు పలికేశాను.

"నలభై రోజులదాకా ఆత్మ ఇంట్లోనే తిరుగుతుందంటారు. ఉంటే విను. ఆ రోజు భోజనాల దగ్గర నువ్వన్నది అబద్ధం కాదే. కొట్టేవాడు. అందరికీ తెలుసు. గోడలకి తెలుసు. నువ్వొక్కదానివే అన్నావు. నువ్వు అనగానే నాకు ఊపిరి ఆడింది తెలుసా? వాడు పోయిన రోజు కూడా అలా ఆడలేదు. అందుకే నీ మొహం చూడలేకపోయానే. నా బతుకు తెలిసిన మొహాన్ని రోజూ కొట్టు దగ్గర ఎలా చూడను?"

గునపంతో మెట్టు మీద ఊరికే రెండుసార్లు తట్టింది.

"ఈ చలికాలమంతా నీ కిటికీలో దీపం ఆరాకే పడుకున్నాను. నువ్వు ఈ గడ్డ వెనక ఇరుక్కున్నావని తెలుసు. గునపం నా వసారాలోనే ఉంది. నన్ను పిలుస్తుందిలే అని చూశాను. గూరియ్‌ని పిలిచావు, యెవ్‌సేయ్‌ని పిలిచావు, దారినపోయే పాలవాణ్ణి పిలిచావు. నన్ను పిలవలేదు. పిలవకపోతే నేనెందుకు రావాలని నేనూ బిగుసుకుని కూర్చున్నాను. ఇప్పుడొచ్చాను చూడు, పనికిమాలినదాన్ని."

ఆమె ఏడుస్తోంది. నాకూ కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి, ముక్కు ఎగబీల్చడానికి కూడా లేదు. తలుపు తీసి ఆమెను పట్టుకోవాలనిపించింది. తీస్తే ఈ మాటలు నేను బతికుండి విన్నానని తెలుస్తుంది. ఎవరికీ చెప్పని మాటను దొంగతనంగా విన్నట్టవుతుంది. ఆ గడ్డ వెనక రెండు నెలలు ఇరుక్కోవడం ఒక ఎత్తు, ఆ ఒక్క నిమిషం ఇరుక్కోవడం ఒక ఎత్తు.

మగాళ్ళు తిరిగొచ్చారు. మళ్ళీ దెబ్బలు. కిటికీలో వెలుగు పలచబడుతోంది. మా దగ్గర జనవరిలో పగలు ఎంతసేపని? ఆసుపత్రి మూసే వేళ దగ్గరపడుతోంది. ఇంకాస్త, ఇంకాస్త అని లోపల గొణుక్కుంటున్నాను. ఉన్నట్టుండి దెబ్బలు ఆగిపోయాయి.

"చాలు" అన్నాడు యెవ్‌సేయ్. "పైన మూడు మెట్లు వదిలేద్దాం."

"మూడు మెట్లు వదిలేస్తే ఎలా?" కపితలీనా గొంతు.

"అక్కా, పైనుంచి ఇద్దరు జార్చి వదిలితే కింద ఇద్దరం అందుకుంటాం. గడ్డ ఉంటే పేటిక ఇంకా సుఖంగా జారుతుంది. ఆమెకి ఇప్పుడు కాలు జారే భయమా ఏమన్నానా?"

గూరియ్ నవ్వాడు. పార గోడకి ఆనించిన చప్పుడు వినిపించింది.

మూడు మెట్లు! కింద అన్నీ కొట్టి, నేను కాలు పెట్టాల్సిన మూడూ వదిలేస్తారా? ఇక నా వల్ల కాలేదు. రెక్క తెరిచి తల బయటపెట్టాను.

"ఒరేయ్ యెవ్‌సేయ్! మీ అమ్మకైతే సగం కొట్టి వదిలేస్తావట్రా? వచ్చినవాడివి పని పూర్తిగా చెయ్యి, సిగ్గులేనోడా!"

గూరియ్ ఉన్నచోటే కూలబడి, కొట్టిన మెట్ల మీదుగా దడదడా కింద పెరడు దాకా వెళ్ళాడు. యెవ్‌సేయ్ టోపీ తీసేశాడు.

"నోన్నా అక్కా... నువ్వు పోయావు కదా!"

"ఎవడు చెప్పాడు?"

"కొమ్మలు!"

"కొమ్మలకి నోరుందా? జులైఖో జారకుండా వేసింది!"

"పొద్దున్నుంచీ గొడ్డుల్లా కొడుతున్నాం! లోపల కూర్చుని వింటున్నావా? పేటికకి చెక్కలు కూడా కోశాను, ఏం చేసుకోను వాటిని?"

"నువ్వే పడుకో! అదనపు చెక్క మీద కాళ్ళు చాపుకో!"

"బతికున్నదానివైతే బతికున్నానని ఒక్క మాట చెప్పొచ్చుగా!" అని కిందినుంచి గూరియ్ అరిచాడు, నడుం పట్టుకుని. ఇప్పుడు నిజంగానే పట్టేసింది.

"నవంబరులో చెప్పాను! డిసెంబరులో చెప్పాను! ఈ రెక్కలోంచే చెప్పాను! చెబితే కొట్టారా?"

జవాబు లేనివాళ్ళకి కోపమొస్తుంది. ఇద్దరూ పారా గునపమూ తీసుకుని, నన్నూ నా వంశాన్నీ తిట్టుకుంటూ వెళ్ళిపోయారు. వాళ్ళ వెనక గేటు ధడేల్మంది.

కపితలీనా మిగిలింది. మొహం కందిపోయి ఉంది. నా వైపు చూడకుండా అడిగింది.

"ఎప్పట్నుంచి వింటున్నావు?"

అబద్ధం చెప్పొచ్చు. నిద్రపోతున్నాను, ఇప్పుడే లేచానని చెప్పొచ్చు. నాకు ఆ అలవాటు లేదు.

"మొదట్నుంచీ" అన్నాను.

ఆ ఇద్దరి వెనకే పోతుందనుకున్నాను. పోతే తప్పుపట్టను కూడా. నేను మాత్రం రేపు వ్యానులో పోతాను. "సాయంత్రంలోగా డాక్టరమ్మ దగ్గరికి నడిచి వెళ్ళకపోతే నన్ను ఆశ్రమానికి తీసుకుపోతారే కాపా" అన్నాను. బతిమాలడం నాకు చేతకాదు. "కొట్టవే. నిన్నే పిలుస్తున్నాను."

గునపం రెండు చేతుల్తో పైకెత్తింది. దెబ్బ మీద దెబ్బ. నన్ను కొట్టాలనుకున్న దెబ్బలన్నీ ఆ గడ్డకి పడ్డాయి. ముక్కలు ఎగిరి నా తలుపుకి తగులుతున్నాయి. లోపల తలుపు దగ్గర నిలబడి, ఒక్కో మెట్టు చెక్క బయటపడుతున్న చప్పుడు విన్నాను. చివరి పెళ్ళ విరిగాక తలుపు తీశాను. ఆమె చెయ్యి ఇవ్వలేదు, నేనూ అడగలేదు. కమ్మీ పట్టుకుని, ఏడుస్తూ, ఒక్కో మెట్టూ దిగాను. కింద నేల కాలికి తగిలితే ఎలా ఉంటుందో మర్చిపోయాను.

ఆసుపత్రి దాకా ఆమె నాకు రెండడుగుల వెనకే నడిచింది. డాక్టరమ్మ కోటు వేసుకుని తాళం చేతిలో పట్టుకుని బయల్దేరుతోంది. నన్ను చూసి ఆగిపోయింది.

"మీ అంతట మీరే దిగారా?"

"దిగాను."

"ఆ గడ్డ ఎవరు కొట్టారు?"

"ఈమె."

"సరే, ఈరోజు కొట్టారు. మీరు రాత్రి పొయ్యి వేస్తారు, రేపటికి మళ్ళీ గడ్డకడుతుంది. వారానికొకసారి, ఏప్రిల్ దాకా, ఎవరు కొడతారమ్మా?"

ఇంత చేసీ ఇక్కడ దొరికిపోయాను.

"నేను కొడతాను" అంది కపితలీనా వెనకనుంచి.

డాక్టరమ్మ ఆమెను పైనుంచి కింది దాకా చూసింది. "మీరు ఈమెకి ఏమవుతారు?"

చుట్టం కాదు, స్నేహితురాలనడానికి ఆరేళ్ళుగా మాటల్లేవు. కపితలీనా చేతిలో గునపం నేలకి ఆనించింది. నేనే చెప్పాను.

"నా శవాన్ని దింపడానికి వచ్చిన మనిషండీ. బతికున్నానని తెలిశాక కూడా పోలేదు."

డాక్టరమ్మకి ఏమర్థమైందో గానీ ఇంకేమీ అడగలేదు. తిరిగి లోపలికి వెళ్ళి, ఫోను తీసి, శుక్రవారం వ్యాను వద్దని చెప్పింది. కపితలీనా గోడ వైపు తిరిగి చేతితొడుగుతో ముక్కు తుడుచుకుంది.

బయటికొచ్చాం. చీకటి పడింది, చలి ఇంకా పెరిగింది. ఈసారి ఆమె నా పక్కనే నడిచింది.

"ఇక నీతో మాట్లాడక తప్పదన్నమాట" అంది విసుగ్గా.

తప్పదు. ఆమెకీ తప్పదు, నాకూ తప్పదు. చలికాలం ఇంకా సగమే అయింది.